ఆకస్మిక ధనము: దాచదగినది, దాచరానిది

ధర్మార్థకామమోక్షములను నాలుగు పురుషార్థములలో రెండవదియగు అర్థమును పెద్దలు ఎన్నడును నిందింపలేదు. దానిని ధర్మమునకు తరువాతను, కామమునకు ముందును నిలిపినారు. ధర్మమార్గమున వచ్చి ధర్మమునకే వినియోగపడు ధనము గృహస్థునకు బలము. సేద్యము, వర్తకము, ఉద్యోగము, వృత్తి అను మార్గములలో ధనము కొంచెము కొంచెముగా వచ్చును. అది పెరిగినకొలది దానిని భరించు బుద్ధియు పెరుగుచుండును. ఇరుగుపొరుగువారు ఆ కష్టమును కన్నులార చూచినవారు గనుక ఆ కలిమికి ఆశ్చర్యపడరు. ఒక్క రాత్రిలో వచ్చిపడు ధనము అట్టిది కాదు. దానికి పొందినవాడును సిద్ధముగా ఉండడు, చూచు లోకమును సిద్ధముగా ఉండదు. పూర్వకాలమున అట్టి ధనము భూమిలో దొరకిన నిధి. నేటికాలమున లాటరీ బహుమతి.

లాటరీ టికెట్టు కొనుట మంచిదా అను ప్రశ్నకు సమాధానము కష్టమైనది కాదు. ఋగ్వేదము పదవ మండలమునందలి 34వ సూక్తము జూదరి ఇంట భార్యయు తల్లియు పడు దుఃఖమును చూపి, పాచికలను విడిచి కృషి చేసికొమ్మని హితవు చెప్పుచున్నది. మనుస్మృతి ద్యూతమును రాజ్యమునుండి తొలగింపవలెనని రాజును శాసించుచున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను లాటరీల విక్రయమునకు అనుమతి లేదు. ఐనను కేరళ ప్రభుత్వము 1967 సంవత్సరమునుండి తానే లాటరీ నడుపుచున్నది. 1968 జనవరి 26వ తేదీన జరిగిన దాని తొలి డ్రాలో టికెట్టు వెల ఒక్క రూపాయి, మొదటి బహుమతి 50,000 రూపాయలు. పొట్టచేతబట్టుకొని అట్టి రాష్ట్రములకును, గల్ఫు దేశములకును పోయిన తెలుగువారు అక్కడ టికెట్లు కొనుచునే యున్నారు. వారిలో వేయింట ఒకనికి కాకున్నను, లక్షలలో ఒకనికైనను బహుమతి తగులుచున్నది. తగిలిన నాటి రాత్రి ఆ ఇంట నిద్రపట్టనీయని ప్రశ్న ఒకటే: ఈ సంగతి ఎవరికి చెప్పవలెను? ఎవరికి చెప్పరాదు?

ఈ ప్రశ్నకు శ్రీమద్భాగవతము దశమస్కంధమున 56, 57 అధ్యాయములలో సమాధానము కలదు. విష్ణుపురాణము నాలుగవ అంశము 13వ అధ్యాయమున అదే కథ మఱికొంత వివరముగా కలదు. అది తెలుగువారికి కొత్త కథ కాదు. భాద్రపద శుద్ధ చవితినాడు అక్షతలు చేతబట్టుకొని ప్రతియేటను వినునట్టి శమంతకోపాఖ్యానమే అది. వ్రతకథ వినునప్పుడు శ్రోతల మనస్సు చంద్రదర్శన దోషము మీదను, నీలాపనింద మీదను నిలుచును. ఆకస్మికముగా వచ్చిన ధనమును మనుష్యులు ఏ విధముగా చెఱచుకొందురో, ఏ విధముగా నిలుపుకొనవచ్చునో ఆ కథయే బోధించుచున్నదను సంగతి మఱుగునబడిపోవును.

సత్రాజిత్తు కంఠమున మణి

సత్రాజిత్తు సూర్యభక్తుడు. సూర్యుడు ప్రీతితో ఇచ్చిన శమంతకమణి దినమునకు ఎనిమిది బారువుల బంగారము నిచ్చునది. అట్టి మణి లభించిన వెంటనే సత్రాజిత్తు చేసిన మొదటి పని దానిని మెడలో ధరించి ద్వారకానగర వీధులలో నడచి వచ్చుట. ఆ కాంతికి కన్నులు మిరుమిట్లుగొని పురజనులు సూర్యభగవానుడే శ్రీకృష్ణ సందర్శనమునకు వచ్చుచున్నాడని భ్రమించిరి. ఆ క్షణమునుండి ఆ మణి సత్రాజిత్తు ఇంటి సంగతి కాక ఊరి సంగతి ఐనది. యాదవరాజగు ఉగ్రసేనునకు దానిని ఇమ్మని శ్రీకృష్ణుడు అడిగెను. సత్రాజిత్తు ఈయనొల్లడాయెను.

తరువాత ఏమైనది? ఆ మణిని మెడలో కట్టుకొని వేటకు పోయినవాడు సత్రాజిత్తు కాడు, అతని తమ్ముడు ప్రసేనుడు. ఒక సింహము ప్రసేనుని, అతని గుఱ్ఱమును చంపి మణిని తీసికొనిపోయెను. ఆ సింహమును జాంబవంతుడు చంపి, మణిని బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చెను. ఇచట గమనింపవలసిన సూక్ష్మము ఒకటి కలదు. మణి లభించినది అన్నకు, ప్రాణము పోయినది తమ్మునికి. ఆడంబరము చేసినవాని మీదనే ఆపద పడవలెనను నియమము లేదు. అది ఇంటిలోని బలహీనుని మీదను, తెలియనివాని మీదను పడును. బడికి పోవు బిడ్డమీదను, ఊరిలో ఒంటరిగా ఉన్న ముసలి తల్లిమీదను పడును.

అంతటితో ముగియలేదు. సత్రాజిత్తునకు శ్రీకృష్ణునిమీద అనుమానము పుట్టెను. అడిగినవాడు గనుక చంపించి యుండునని అతడు అనుటయు, ఆ మాట చెవినుండి చెవికి ప్రాకుటయు జరిగెను. లోకమునకు ప్రదర్శింపబడిన ధనము పోయినప్పుడు లోకమంతయు అనుమానితమగును. ప్రదర్శన చేసినవాడు తొలుత పోగొట్టుకొనునది ధనము కాదు, తనవారి యందలి విశ్వాసము.

వార్త చేయు హాని

సత్రాజిత్తు నడచిన వీధి నేటికిని ఉన్నది. కేరళ ప్రభుత్వము 2022 సెప్టెంబరులో నడపిన ఓణం బంపర్ లాటరీలో టికెట్టు వెల 500 రూపాయలు, మొదటి బహుమతి 25 కోట్ల రూపాయలు. అమ్ముడుపోయిన టికెట్లు 60 లక్షలకు మించినవి. విన్నవారి చెవిలో 25 కోట్లను మాట నిలిచిపోవును. చేతికి వచ్చునది అంత కాదు. మొదట ఏజెంటు కమీషను 10 శాతము, అనగా రెండున్నర కోట్లు తగ్గును. మిగిలిన 22 కోట్ల 50 లక్షలపై ఆదాయపు పన్ను 30 శాతము, అనగా 6 కోట్ల 75 లక్షలు మూలముననే తీసికొనబడును. మిగులునది 15 కోట్ల 75 లక్షలు. అధికాదాయమున్నవారు ఆ పన్నుమీద సర్‌ఛార్జిని, సెస్సును కూడ తరువాత చెల్లింపవలెను. ఈ లెక్క బంధువులకు తెలియదు. వారు 25 కోట్లను ఎదుట పెట్టుకొనియే అడుగుదురు. లేదన్నచో లోభియందురు.

ఇట్టి పెద్ద బహుమతులు గెలిచిన కుటుంబములలో కొన్ని అడుగువారి తాకిడికి తాళలేక సొంత యిల్లు విడిచి వేఱుచోటులలో తలదాచుకొనవలసి వచ్చినదని పత్రికలు వ్రాసినవి. ఆ తరువాతి బంపర్ బహుమతుల విజేతలలో కొందరు తమ పేరు వెల్లడింపవద్దని ప్రభుత్వమునే కోరిరి. కేరళ ప్రభుత్వము విజేతలకు ధనమును నిలుపుకొను విధమును బోధించు శిక్షణ కూడ ఏర్పాటు చేసినది. ధనము ఇచ్చిన చేతియే దానిని కాపాడుకొను బుద్ధిని కూడ నేర్పవలసి వచ్చినదనగా, ఆకస్మిక ధనపు స్వభావము ఎట్టిదో తెలియుచున్నది.

నీతికోవిదులు బయట పెట్టరాని తొమ్మిదింటిని చెప్పి, వానిలో తన కలిమిని ఒకటిగా ఎన్నినారు. కలిమిని దాచుట పాపమని ఏ శాస్త్రమును చెప్పలేదు. ఎదుటివానికి అసూయ కలుగు అవకాశమును తొలగించుట అతనికి చేసిన ఉపకారమే. ఆకలిగొన్నవాని ఎదుట అన్నపు కుండను తెఱచిపెట్టి కావలి కాయుటకంటె, మూతపెట్టి, పిలిచి వడ్డించుట మేలు.

అక్రూరుని మూట

ఇంతవఱకు విన్నవారు "ఐనచో దాచుటయే ధర్మము" అని నిశ్చయించుకొందురు. కాని కథ అచట ఆగలేదు. శ్రీకృష్ణుడు మణిని వెదకి తెచ్చి, సభలో రాజు సమక్షమున సత్రాజిత్తునకు అప్పగించెను. సత్రాజిత్తు సిగ్గుపడి సత్యభామను ఇచ్చి వివాహము చేసెను. కొంతకాలమునకు అక్రూర కృతవర్మల ప్రేరణచేత శతధన్వుడు నిద్రించుచున్న సత్రాజిత్తును వధించి మణిని అపహరించెను. పాఱిపోవునపుడు దానిని అక్రూరునివద్ద దాచెను. శ్రీకృష్ణుడు శతధన్వుని తరిమి మిథిలా పరిసరమున చంపి, వస్త్రములు వెదకెను. మణి లేదు.

ఇప్పుడు మణి పూర్తిగా గోప్యముగా ఉన్నది. అక్రూరుడు దానిని మెడలో ధరింపలేదు, ఎవరికిని చూపలేదు. మఱి ద్వారకకు శాంతి కలిగినదా? లేదు. మణి దొరకలేదని చెప్పిన శ్రీకృష్ణుని మాటను సాక్షాత్తు అన్నగారగు బలరాముడే నమ్మలేదు. విష్ణుపురాణము ప్రకారము ఆయన కోపగించి తమ్ముని విడిచి మిథిలలో ఉండిపోయెను. జన్మించిననాటినుండి ఎన్నడును విడిపోని అన్నదమ్ములను ఒక దాచిన మూట విడదీసినది. అక్రూరుడు కాశికి పోయి బంగారు వేదికలతో యజ్ఞములు చేసెను. వ్యయము చూచినవారికి ఆదాయము ఎక్కడిదను ప్రశ్న కలుగకుండునా? దాచినను ధనము తన వెలుగును ఏదో ఒక కిటికీలోనుండి చూపుచునే యుండును.

కావున సత్రాజిత్తు ప్రదర్శనమువలన ఒక తమ్ముడు మరణించెను. అక్రూరుని గోపనమువలన ఒక అన్న దూరమయ్యెను. రెండును దోషములే.

మఱి శ్రీకృష్ణుడు ఏమి చేసెను? అక్రూరుని పిలిపించి, మణి నీవద్ద ఉన్న సంగతి తెలియునని మెల్లగా చెప్పెను. అది న్యాయముగా సత్రాజిత్తు కుమార్తె సంతానమునకు చెందవలసినదని గుర్తు చేసెను. ఐనను నీవద్దనే ఉండనిమ్మనెను. కాని బంధువుల మనస్సులకు శాంతి కలుగునట్లు ఒక్కసారి చూపుమని కోరెను. అక్రూరుడు వస్త్రమునుండి తీసి ఇచ్చెను. శ్రీకృష్ణుడు దానిని జ్ఞాతులకు చూపి, తనమీది నిందను తొలగించుకొని, మరల అక్రూరునికే ఇచ్చివేసెను.

ఈ పరిష్కారమును నిదానముగా పరిశీలింపవలెను. మణిని ఊరేగింపలేదు. మఱుగునను ఉంచలేదు. తెలిసికొను హక్కు ఉన్నవారికి మాత్రము చూపి, కాపాడగల చేతిలో ఉంచెను. చూపుట వేఱు, అప్పగించుట వేఱు. విష్ణుపురాణమున బలరామునికి మణిపై ఆశ కలిగినట్లును, మధుపానాదులను విడువవలసి వచ్చును గనుక ఆయన దానిని ధరింపజాలడని శ్రీకృష్ణుడు చెప్పినట్లును ఉన్నది. అన్నగారికి సత్యము దక్కినది, మణి దక్కలేదు. గృహస్థులకు ఈ ఒక్క భేదము తెలిసినచో సగము కలహములు తీరును.

ముగ్గురికి దాచరాదు

తెలిసికొను హక్కు ఎవరికి కలదు?

మొదటివారు వాటాదారులు. గల్ఫు దేశములలో ఒకే గదిలో నివసించు పనివారు తలకొంత సొమ్ము వేసికొని ఒక టికెట్టు కొనుట తఱచు జరుగుచున్నది. టికెట్టుమీద ఒక్కని పేరే ఉండును. డ్రా జరిగిన రాత్రి ఆ ఒక్కనికే వార్త అందినదనుకొందము. అతడు మౌనము వహించినచో అది గోపనము కాదు, చౌర్యము. పదిమంది కష్టార్జితపు నాణెములు ఆ కాగితములో ఉన్నవి. కావున సొమ్ము వేసినవారందరి పేర్లును, ఎవరి వాటా ఎంతయో డ్రాకు ముందే ఒక కాగితముమీద వ్రాసి అందరును సంతకము చేయుట మంచిది. స్నేహితులమధ్య వ్రాతకోత లెందుకని కొందరు మొగమోటపడుదురు. స్నేహము నిలువవలెననియే ఆ వ్రాత. అన్నదమ్ముల విషయమునను ఇదే న్యాయము. పిత్రార్జితమునకు నష్టము కలిగింపక స్వయముగా సంపాదించిన ధనమును దాయాదులకు పంచి ఈయనక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఉమ్మడి సొమ్ముతో కొన్న టికెట్టు ఐనచో ఆ మాట వర్తింపదు.

రెండవవారు భార్యాభర్తలలో ఒకరికొకరు. వివాహవేళ వరుడు భార్యను ధర్మార్థకామములలో విడిచి నడువనని అగ్నిసాక్షిగా మాట ఇచ్చుచున్నాడు. అర్థము ఆ మూడింటిలో రెండవది. లోకమునకు దాచుటకై భార్యకు దాచినవాడు ఆ మాటను తప్పినవాడు. టికెట్టు కొన్నది భార్య ఐనప్పుడు భర్తకును ఇదే హక్కు. వారిలో ఒకరికి త్రాగుడో జూదమో అలవాటైనచో ఏమి చేయవలెనని సందేహము కలుగును. బలరాముని సంగతి అందులకే చెప్పబడినది. సత్యము దాచరాదు. కాని ఇద్దరి సంతకములు లేనిదే కదలని విధముగ సొమ్మును బ్యాంకులో నిలుపవచ్చును.

మూడవవాడు రాజు. భూమిలో నిధి దొరకినపుడు అది తనదని సత్యము చెప్పినవానివద్ద రాజు ఆఱవ భాగమునో పండ్రెండవ భాగమునో గ్రహించి మిగిలినది విడువవలెననియు, అసత్యమాడినవానికి అతని సొత్తులో ఎనిమిదవ వంతు దండనము విధింపవలెననియు మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. ఆంగ్లేయుల కాలమున 1878లో చేసిన నిధి చట్టము కూడ పది రూపాయలకు మించిన నిధి దొరకినవాడు కలెక్టరుకు తెలుపవలెనని నియమించినది. లాటరీ బహుమతి విషయమున పన్ను ముందే తీసికొనబడినను, మిగిలిన బాధ్యతను లెక్కలలో చూపవలసినవాడు గెలిచినవాడే. పేరు పత్రికకు ఈయకుండుట అతని ఇష్టము. పన్ను శాఖకు ఈయకుండుట అతని ఇష్టము కాదు.

రాజ్యములు కొన్నిచోట్ల విజేతల పేర్లను ప్రకటించుటకును కారణము కలదు. బహుమతి నిజముగా మనుష్యునికే చేరినదని ప్రజలు నమ్మవలెను గదా. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున విజేత పేరు బహిరంగము. బ్రిటన్ జాతీయ లాటరీలో చెప్పుటయు మానుటయు విజేత ఇష్టము. 2018 సంవత్సరమున న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున సుమారు 56 కోట్ల డాలర్ల బహుమతి గెలిచిన ఒక స్త్రీ, టికెట్టు వెనుక తన పేరు వ్రాసి సంతకము చేసిన తరువాత గోప్యమును కోరి న్యాయస్థానమున కెక్కినది. ఊరిపేరు వెల్లడింపవచ్చుననియు, ఆమె పేరు మాత్రము వెల్లడింపరాదనియు న్యాయస్థానము తీర్పు చెప్పినది. లోకమునకు కావలసిన విశ్వాసము లోకమునకు, స్త్రీకి కావలసిన రక్షణ స్త్రీకి లభించినవి. ద్వారకలో శ్రీకృష్ణుడు చేసిన విభాగమును ఇది తలపించుచున్నది.

మౌనము వేఱు, బొంకు వేఱు

ఈ ముగ్గురు తప్ప మిగిలినవారు అడిగినప్పుడు ఏమి చెప్పవలెను? ఇచట తెలుగు పాఠకునకు వామనచరిత్రలోని శుక్రాచార్యుని మాట జ్ఞప్తికి వచ్చును. ప్రాణమునకును, విత్తమునకును, మానమునకును భంగము కలుగునపుడు అసత్యమాడినను దోషము లేదని ఆయన బలిచక్రవర్తికి బోధించినట్లు పోతనామాత్యుడు వ్రాసెను. దీనిని ఆధారము చేసికొని ధనము కాపాడుకొనుటకు బొంకవచ్చునని వాదించువారు కలరు. వారు మఱచుచున్నది ఒకటే. ఆ ఉపదేశమును విన్న బలి దానిని అంగీకరింపలేదు. అంగీకరింపనందుననే ఆయన కీర్తి నిలిచినది. ఉపదేశించిన గురువు కథలో ఒక కన్ను పోగొట్టుకొన్నవాడుగా నిలిచినాడు.

ఐనచో అడిగిన ప్రతివానికి ఉన్నది ఉన్నట్లు చెప్పవలెనా? అదియు కాదు. మహాభారతము కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుని కథ చెప్పెను. ఎన్నడును సత్యమే పలుకవలెనని వ్రతము పట్టిన ఆ తపస్వి, ప్రాణభీతితో పాఱిపోయినవారి జాడను దొంగలకు నిజముగా చెప్పి, వారి మరణమునకు కారకుడై నరకము పొందెను. పలుకకుండుటచేత ఆపద తప్పునప్పుడు పలుకకుండుటయే కర్తవ్యమని అచటి బోధ. కావున మార్గము స్పష్టము. సత్యమునకును అసత్యమునకును నడుమ మౌనమను విశాలమైన అరుగు ఒకటి కలదు. గృహస్థుడు దానిమీద కూర్చుండవచ్చును. "మా యింటి జమాఖర్చులు బయట చెప్పుకొను అలవాటు లేదు" అను మాటలో అబద్ధము లేదు. ఈ మాట బహుమతి తగిలిన తరువాత మొదలుపెట్టినచో అనుమానము కలుగును. పేదరికమునను అదే అలవాటు ఉన్నవానికి కలిమియందు చిక్కులేదు.

బొంకునకు మఱియొక కీడు కలదు. ఒక బొంకును నిలుపుటకు భార్య బొంకవలెను, బిడ్డలు బొంకవలెను. పసివానికి "ఎవరడిగినను మనకు ఏమియు లేదని చెప్పుము" అని నేర్పిన ఇంట, ధనము నిలిచినను సంస్కారము నిలువదు.

ఎవరికిని చెప్పవద్దను వారు

గోప్యమును గూర్చి హెచ్చరింపవలసిన మఱియొక విషయము కలదు. టికెట్టు కొనకయే లాటరీ తగిలినదని ఫోనులకు సందేశములు వచ్చుచున్నవి. ముందుగా పన్నుకో, రుసుమునకో కొంత సొమ్ము పంపుమని అందుండును. దానితోపాటు ఈ సంగతి ఇంటివారికి కూడ చెప్పవద్దని తప్పక చెప్పుదురు. అచటనే మోసము పట్టుబడవలెను. తనకు తానై పాటించు గోప్యము రక్ష. పరుడు విధించు గోప్యము వల. నిజమైన బహుమతిలో పన్ను బహుమతినుండియే తీసికొనబడును గాని ముందుగా అడుగబడదు. భారతదేశమునుండి విదేశీ లాటరీ టికెట్లకు సొమ్ము పంపుట విదేశ ద్రవ్య నిబంధనలచే నిషిద్ధము. మోసపోయినవారు సిగ్గుచేత దాచక, 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. నష్టమును దాచుట దొంగకు చేసిన సహాయమగును.

టికెట్టు నిజమైనదే ఐనచో చేయవలసిన పని కొలదిగానే ఉన్నది. దాని వెనుక పేరు, చిరునామా వ్రాసి సంతకము చేసి, నకలు తీసి ఉంచుకొనవలెను. కేరళ నియమము ప్రకారము 30 దినములలోపల దానిని దాఖలు చేయవలెను. బ్యాంకు ద్వారా పంపవచ్చును గనుక వీధిలో పట్టుకొని తిరుగనక్కఱ లేదు.

పేరు దాచవచ్చును, చేయి దాచరాదు

ఇక అన్నింటికంటె కష్టమైన సందర్భము. బహుమతి సంగతి ఎఱుగని తమ్ముడు వచ్చి, కూతురి శస్త్రచికిత్సకు నాలుగు లక్షలు కావలెనని, ఇల్లు తాకట్టు పెట్టుచున్నానని కన్నీరు పెట్టుకొనును. అన్న బ్యాంకులో కోట్లు ఉన్నవి. సంగతి బయటపడునను భయముతో అన్న "ఏదో దైవము చూపును" అని ఊరకుండును. ఇట్టి గోపనమును ఏ శాస్త్రమును సమర్థింపదు. గోప్యము అసూయనుండి కాపాడుకొనుటకు ఏర్పడినది గాని, కర్తవ్యమునుండి తప్పించుకొనుటకు కాదు. అన్న తన బహుమతి సంగతి చెప్పనక్కఱలేదు. ఆసుపత్రికి పోయి సొమ్ము కట్టి, రసీదు తమ్ముని చేతిలో పెట్టినచో చాలును. ఎక్కడిదని అడిగినచో "బిడ్డ లేచి తిరుగనిమ్ము, లెక్కలు తరువాత" అనవచ్చును. తాను ఏది దాచుచున్నాడో తెలిసికొనుటకు గృహస్థునకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. ధనమును దాచుచున్నాడా, దయను దాచుచున్నాడా?

బలికి బోధించుచు శుక్రాచార్యుడు చెప్పిన మఱియొక మాట మాత్రము అందరును గ్రహింపదగినది. ధనమును ఐదు భాగములుగా చేసి ధర్మమునకు, కీర్తికి, మరల అర్థసంపాదనమునకు, భోగమునకు, తనవారికి వినియోగించువాడు ఇహపరములందు సుఖించునని దాని సారము. ఈ విభాగము బహుమతి చేతికి వచ్చిన దినముననే, అడుగువారు రాకముందే, భార్యాభర్తలు కూర్చుండి కాగితముమీద వ్రాసికొనవలెను. తనవారి భాగము ఇంతయని ముందే ఏర్పడి యున్నచో, తరువాత ఇచ్చునప్పుడు మొగమోటము ఉండదు, లేదనునప్పుడు కాఠిన్యము ఉండదు. అర్థసంపాదనకైన భాగమును కొంతకాలము కదపక బ్యాంకులో ఉంచుట వివేకము. ధనము వచ్చిన వేగమునకు బుద్ధి అందుకొనుటకు వ్యవధి కావలెను.

ధర్మభాగము విషయమున మొదట చెప్పిన తొమ్మిది గోప్యములను మరల తలచుకొనవలెను. పెద్దలు ఆ తొమ్మిదింటిలో కలిమినే గాక, చేసిన దానమును కూడ చేర్చినారు. కలిమిని దాచుట ఇతరుల అసూయను తప్పించుటకు, దానమును దాచుట తన అహంకారమును తప్పించుటకు. మొదటిది పాటించి రెండవది విడుచువారు పెక్కురు. సొమ్ము ఎంత ఉన్నదో ఎవరికిని చెప్పరు గాని, ఇచ్చినది మాత్రము చలువరాతిమీద చెక్కించుకొందురు. గుప్తదానమునకు గుడిలోని హుండీకంటె చక్కని ఏర్పాటు లేదు. అందు వేసిన నాణెమునకు పేరు లేదు, నోటుకు గోత్రము లేదు. పైన చెప్పిన న్యూ హాంప్‌షైర్ స్త్రీ కూడ ధర్మసంస్థలకు విరాళములు పంపినది. విరాళములు లోకమునకు తెలిసినవి. దాత పేరు తెలియలేదు.

విష్ణుపురాణము శమంతకమునకు ఒక లక్షణము చెప్పుచున్నది. శుచియై ధరించినవానికి అది సర్వశుభములనిచ్చును, అశుచియై ధరించినవానిని అదియే సంహరించును. ప్రసేనుని మరణమునకు ఆ పురాణము చెప్పిన కారణము అదియే. ఆకస్మిక ధనమునకును ఇదే లక్షణము. వాటాదారుని వాటా, సహధర్మచారిణి విశ్వాసము, రాజ్యమునకు చెందిన పన్ను, ఆర్తునకు చెందవలసిన సహాయము ఆ మూటలో చిక్కుకొని లేనప్పుడే ఆ ధనము శుచి. అట్టి ధనమును గృహస్థుడు నిశ్చింతగా గోప్యముగా ఉంచుకొనవచ్చును. రాబోవు భాద్రపద శుద్ధ చవితినాడు అక్షతలు చేతబట్టుకొని ఆ కథ వినువారు, మణి పోయిన వృత్తాంతమును మాత్రమే గాక, అది తిరిగి అక్రూరుని చేతికి ఏ నియమముతో చేరినదో ఆ ఘట్టమును కూడ శ్రద్ధగా ఆలకింతురు గాక.